మూడు తులాల రోగి

కొండగట్టు దగ్గరి ముత్యంపేట నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం ముందు పెట్టుకున్నాను. వాళ్ళింట్లో రెండు 'లవ్ బర్డ్స్' వున్నాయట. ఒకటి పచ్చది, ఒకటి నీలం. నీలం పిట్ట తిండి మాని, ఈకలు ఉబ్బించుకుని, పంజరం అడుగున కూర్చుంటే పశువుల డాక్టరుకు చూపించారు. ఆయన చిలుకల జ్వరమని అనుమానించి, రెండు పిట్టలకూ 45 రోజులపాటు డాక్సీసైక్లిన్ మందు రాశారు. పన్నెండో రోజుకే రోగి పుల్ల మీదికెక్కి కూయడం మొదలుపెట్టింది. "పిట్ట మంచిగైంది గదా, ఇంక దాన్నెందుకు తిప్పల పెడుతున్నరు?" అని అత్తగారు అంటున్నారు. మందుల ఖర్చు పిట్టల ఖరీదును ఎప్పుడో దాటిందని వారు లెక్క చెబుతున్నారు. తువాలు చూస్తేనే పిట్ట కరవడానికి వస్తోందని పిల్లవాడి ఏడుపు. "మధ్యలో నేను నలిగిపోతున్నాను. ఇక్కడితో ఆపేస్తే తప్పా?" అని ఆమె ప్రశ్న.

ఆపకండి, సోదరీ. ఎందుకో చెబుతాను. ఇంట్లో ముగ్గురికీ ముగ్గురు వకీళ్ళలా వాదనలున్నాయి కనుక, జవాబు కాస్త వివరంగానే వుండాలి.

ముందు పిట్ట సంగతి. మనం లవ్ బర్డ్స్ అని కొనుక్కునే ఈ పొడుగు తోక పిట్టల అసలు పేరు బడ్జరిగార్. ముద్దుగా బడ్జీ. నిజమైన లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, పొట్టి తోకవి. బడ్జీల పుట్టిల్లు ఆస్ట్రేలియాలోని ఎండు భూములు. జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు 1840లో వాటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకువచ్చాడు. అక్కడినుంచి లోకమంతా పాకాయి. మన రామచిలుకను పంజరంలో పెట్టడాన్ని వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. బడ్జీలకు ఆ అడ్డు లేదు. అందుకే ఇవాళ చిన్న ఊళ్ళలో కూడా ఇంటింటి వసారాలో ఇవే కనిపిస్తున్నాయి.

దీని బరువు ముప్ఫై నుంచి నలభై గ్రాములు. అంటే మూడు నాలుగు తులాలు! ఇంత చిన్న ప్రాణి అడవిలో తన జబ్బు పైకి కనిపించనిస్తే డేగ మొదట దాన్నే ఎత్తుకుపోతుంది. అందుకని ఓపిక వున్నంతవరకు ఆరోగ్యంగా వున్నట్లే నటిస్తుంది. మన కంటికి జబ్బు కనబడేసరికి అది ముదిరే వుంటుంది. ఇదే మాట వెనక్కి తిప్పి కూడా చదువుకోవాలి. కూసినంత మాత్రాన జబ్బు పోయినట్లు కాదు.

ఇక 45 రోజులెందుకు? ఈ జ్వరం తెచ్చే క్రిమి రక్తంలో తిరుగుతూ దొరికే రకం కాదు. శరీర కణాల లోపల దూరి దాక్కుంటుంది. అది పెరుగుతున్న సమయంలోనే మందు దాన్ని పట్టగలదు. నిద్రలో వున్న క్రిమి మీద మందు పనిచేయదు. కనుక అవి మేలుకుని పెరిగే ప్రతిసారీ రక్తంలో మందు సిద్ధంగా వుండాలి. మీ పక్కనే కొండగట్టు అంజన్న మాల వేసుకున్నవాళ్ళు నలభై ఒక్క రోజుల మండల దీక్షలో పన్నెండో రోజున మాల తీస్తారా? మీ పిట్టది అంతకన్నా నాలుగు రోజులు ఎక్కువ దీక్ష అనుకోండి.

ఈ జబ్బును తేలికగా తీసుకోరాదనడానికి చరిత్రే సాక్షి. 1929-30 సంవత్సరాలలో దక్షిణ అమెరికా చిలుకల ద్వారా ఇది అమెరికా, యూరపు దేశాలకు పాకి, పిట్టలను ముచ్చటపడి కొన్నవాళ్ళలో కొందరి ప్రాణాలు తీసింది. తర్వాత కార్ల్ మేయర్ అనే శాస్త్రజ్ఞుడు కాలిఫోర్నియాలో పెంచుతున్న బడ్జీలలో కూడా ఈ క్రిమి వున్నదని కనిపెట్టాడు. అప్పటికి దీనికి సరైన మందే లేదు. మందు దొరికిన కథలో మనవాడొకరు వుండడం మనకు గర్వకారణం. 1948లో లోకానికి వెల్లడైన ఆరియోమైసిన్ ఈ టెట్రాసైక్లిన్ కుటుంబానికి పెద్దకొడుకు. దాన్ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి పట్టుకున్నవాడు బెంజమిన్ డగ్గర్. ఆయన పనిచేసిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మీ పిట్ట ముక్కులో పడుతున్న డాక్సీసైక్లిన్ ఆ ఇంటి బిడ్డే.

ఇప్పుడు మందు పోసే పద్ధతి. డాక్టరు పిట్ట బరువును బట్టి లెక్కకట్టి ఇచ్చిన మోతాదును సూది తీసేసిన చిన్న సిరంజితో కొలవండి. దీపం తగ్గించి, మెత్తని చిన్న తువాలుతో పిట్టను పట్టుకోండి. తల రెండు పక్కలా వేళ్ళు ఆనించండి గాని రొమ్ము నొక్కకండి. పక్షికి మనలాగా ఊపిరితిత్తుల కింద పొర లేదు. రొమ్ముటెముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి ఊపిరి. గట్టిగా పట్టుకుంటే చేతిలోనే ప్రాణం పోతుంది. పిట్టను నిలువుగా వుంచి, ముక్కు పక్కనుంచి ఒక్కొక్క చుక్కే వేసి, మింగనిచ్చి, మరొక చుక్క వెయ్యండి. ఒక్కసారిగా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాస్త కక్కిందని మళ్ళీ పొయ్యకండి. ఒక పూట మరిచిపోతే మరుపూట రెట్టింపు ఇవ్వకండి. డాక్టరును అడగండి. ఈ బాధ పడలేక మందు నీళ్ళలో కలిపేద్దామని కూడా మీకు మీరు నిర్ణయించుకోవద్దు. ఎండు భూముల పిట్ట తాగేదే కొంచెం, రుచి మారితే అదీ మానేస్తుంది.

పంజరంలో సముద్రపు నురుగు కట్టి వున్నదా? పిట్టల దుకాణంవాళ్ళు కటిల్ బోన్ అంటారు. మందు వాడే రోజుల్లో డాక్టరుతో చెప్పి దాన్ని, సున్నపు బిళ్ళలు వుంటే వాటినీ తీసెయ్యండి. సున్నం ఈ మందును పేగుల్లోనే పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వదు. మీరు రోజూ కష్టపడి పోసిన మందు రెట్టలో పోతుంది. ఇది తెలియక "మందు పనిచేయలేదు" అనుకునేవాళ్ళు ఎందరో!

గింజల గిన్నె సంగతి కూడా చూడండి. కొర్రలు ఒలుచుకు తిని పొట్టు అక్కడే వదలడం బడ్జీ అలవాటు. గిన్నె నిండుగా కనిపిస్తుంది, ఊదితే అంతా పొట్టే. రోజుకు రెండుసార్లు ఊది కొత్త గింజలు వెయ్యండి. నోట్లో తెల్లని పొర కనిపించినా, తిన్నది కక్కుతున్నా డాక్టరుకు చెప్పండి. ఎక్కువ రోజులు ఇలాంటి మందు వాడితే బూజు జాతి క్రిములు తలెత్తవచ్చు.

పిట్ట నిజంగా కోలుకుంటున్నదో లేదో కూత చెప్పదు, తక్కెడ చెబుతుంది. గ్రాములు చూపే చిన్న తూకం ఒకటి కొనండి. లేదా మీకు తెలిసిన కంసాలిని అడగండి. రోజూ పొద్దున్నే గింజలు పెట్టకముందు తూచి పుస్తకంలో రాయండి. ముప్ఫై అయిదు గ్రాముల పిట్ట మూడున్నర గ్రాములు తగ్గిందంటే, అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్లే. అప్పుడు ఆగవద్దు, డాక్టరు దగ్గరకు వెళ్ళండి. కోరుట్లలో పశువైద్య కళాశాల వున్నది. మీ డాక్టరు ఇంకొకరి సలహా కావాలంటే, అక్కడ చిన్న పిట్టలను చూసే వీలు వున్నదేమో ముందుగా ఫోనులో కనుక్కుని బయలుదేరండి.

చలి రాత్రుళ్ళలో పంజరానికి మూడు వైపులా గుడ్డ కప్పి, ఒక పక్క బయటగా దీపం వుంచండి. గుడ్డకు దీపం తగలకూడదు. వేడెక్కితే రెండో పక్కకు జరగడానికి పిట్టకు చోటుండాలి. మీ జిల్లా ఎండాకాలంలో దీపం మాట తలపెట్టకండి. రెక్కలు దూరంగా పెట్టి నోరు తెరిచి రొప్పుతున్నదంటే ఎండ ఎక్కువైందన్నమాట.

ఇప్పుడు ముగ్గురు వకీళ్ళకు జవాబు. అత్తగారితో చెప్పండి: ఈ జబ్బు ఎండిన రెట్ట దుమ్ము ద్వారా మనుషులకూ అంటుతుంది. సగంలో మందు ఆపిన పిట్ట కూస్తూనే ఇంట్లో క్రిములు చల్లవచ్చు. పెద్దవాళ్ళూ గర్భిణులూ వుంటే మరీ ప్రమాదం. పంజరాన్ని పొడి చీపురుతో ఊడవకండి. నీళ్ళు చిలకరించి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, అడుగు కాగితాన్ని మడిచి తీసెయ్యండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు వస్తే, ఇంట్లో జబ్బు పిట్ట వున్నదని డాక్టరుతో మొట్టమొదటే చెప్పండి. ఆ మాట చెప్పకపోతే ఆయనకు ఈ జ్వరం తట్టకపోవచ్చు. తెలిస్తే మందున్న జబ్బే ఇది.

వారి లెక్కకు ఇదే లెక్క. ఇప్పుడు మిగిలే డబ్బు పిట్టది. రేపు ఖర్చయ్యేది ఇంటిల్లిపాది ఆరోగ్యం మీద.

పిల్లవాడికి మాత్రం వాదన వద్దు, పని ఇవ్వండి. మందు పోసే చెయ్యి మీది కానివ్వండి, మందు అయ్యాక కొర్రకంకి అందించే చెయ్యి వాడిది. తూకం చదివి రాయడమూ వాడికే అప్పగించండి. కంకి ఇచ్చాక వాడు కూడా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిట్ట బతుకుతుందని మాత్రం వాడికి మాట ఇవ్వకండి. ఇంత చేసినా మూడు తులాల ప్రాణం నిలవకపోవచ్చు. "మనం చేయవలసిందంతా చేస్తున్నాం" అని చెప్పండి. అది పిల్లలకు అర్థమవుతుంది.

45 రోజులు పూర్తయ్యాక డాక్టరుకు మళ్ళీ చూపించండి. ఆయన సరేనన్నాక పాత చెక్కపుల్లలు పారేసి కొత్తవి పెట్టి, పంజరం కడిగి ఆరబెట్టి, సముద్రపు నురుగు తిరిగి కట్టండి. కొత్త పిట్టను కొంటే వెంటనే వీటితో కలపక, నెల పైన వేరే గదిలో వుంచండి. మీవాడి పుస్తకంలో చివరి తూకం ఎంత వచ్చిందో మాకు రాయడం మరిచిపోకండి.