వెర్షన్ చెప్పే ప్రోగ్రాంకూ ఇమ్తెహాన్ ఉండాలి



తుళ్లూరు చుట్టుపక్కల మన ఇళ్లలో పిల్లోడికి ఇంజినీరింగ్ సీటొస్తే, ఫీజు తర్వాత వచ్చే పెద్ద ఖర్చు ల్యాప్‌టాప్. కొత్తది కొనే హైసియత్ అందరికీ ఎక్కడిది? అబ్బా మిర్చి కల్లంలో సంపాదించిన కూలి, అమ్మీ చీటీ డబ్బులు కలిపితే గుంటూరులోనో బెజవాడలోనో ఒక సెకండ్ హ్యాండ్‌ది వస్తుంది. అలాంటి సొమ్ము పెట్టేటప్పుడు దగా పడతామేమోనన్న ఖౌఫ్ ఉండడం సహజం.

ఈ ఖౌఫ్ ఇప్పుడు ఎక్కువైంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కేమో మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం టీపీఎం 2.0 చిప్పు, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. అంతకంటే పాతవి అమ్ముడుపోవాలంటే దుకాణందారు చెప్పే మాట ఒకటే: "ఎలెవెన్ వేసి ఇస్తున్నాం భాయ్."

మాకు తెలిసిన కాలేజీ పిల్లలు దీనికో ఇలాజ్ కనిపెట్టారు. పెన్ డ్రైవ్‌లో ఒక చిన్న ప్రోగ్రాం. డబుల్ క్లిక్ చేస్తే "ఇది విండోస్ ఫలానా" అని చెబుతుంది. కొనబోయే ముందు దుకాణంలోనే పెట్టి చూడొచ్చని వాళ్ల ఖయాల్. నియ్యత్ మంచిదే, షాబాష్ అన్నాను. కానీ దాన్ని ఇంకొకరి దుకాణానికి తీసుకెళ్లడానికి నేను ఖిలాఫ్. ముందు దానికే ఇమ్తెహాన్ పెట్టాలి.

"చాచా, మా ల్యాప్‌టాప్‌లో కరెక్టుగానే చూపించింది కదా" అన్నాడొకడు. ఒక్క మెషీన్ మీద సరిపోయిన జవాబు ఏ సుబూతూ కాదు. వాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 10. అసలు మెలిక ఎలెవెన్‌లో ఉంది. విండోస్ 11 రిజిస్ట్రీలో ప్రొడక్ట్ నేమ్ అనే చోట ఇప్పటికీ "విండోస్ 10" అనే రాసి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లు అది మార్చలేదు. ఆ చోటును నమ్మి రాసిన ప్రోగ్రాం అసలైన ఎలెవెన్‌ను చూసి కూడా "టెన్" అంటుంది. అప్పుడేమవుతుంది? నిజాయితీగా అమ్మిన మనిషి మీద నలుగురిలో తోహ్మత్ పడుతుంది. "మోసం చేశావు" అన్న మాట బజారులో ఒకసారి పుట్టాక, తర్వాత మాఫీ చెప్పినా పోదు.

సరే, విండోస్‌నే నేరుగా అడుగుదాం అంటారా? అదీ ఉన్నదున్నట్టు చెప్పదు. విండోస్ 8.1 నుంచి ఒక రివాజు పెట్టారు. ప్రోగ్రాం తన మేనిఫెస్ట్‌లో "నాకు ఈ కొత్త విండోస్ తెలుసు" అని రాసుకోకపోతే, పాత పద్ధతిలో వెర్షన్ అడిగినప్పుడు 6.2 అనే చెబుతారు. అంటే విండోస్ 8 నంబరు. ఇందులో బద్‌నియ్యత్ లేదు. పాత ప్రోగ్రాములు కొత్త నంబరు చూసి ఘబరాయించి ఆగిపోతుంటే, వాటిని బతికించడానికి చేసిన ఏర్పాటు. విండోస్ 7 లోపలి నంబరు 6.1 కావడానికీ కారణం ఇదే. కంపాటిబిలిటీ మోడ్‌లో నడిపితే ఇంకో వేషం: సెవెన్ మోడ్ పెడితే 6.1 అంటుంది.

టెన్, ఎలెవెన్ రెండింటికీ పై నంబరు 10.0. తేడా బిల్డ్ నంబరులోనే. 22000, ఆపైన ఉంటే ఎలెవెన్. టెన్ ఆఖరి వెర్షన్ 19045. ఇక్కడా ఒక పేచీ ఉంది. 26100 బిల్డ్ ఎలెవెన్ 24హెచ్2కీ ఉంది, సర్వర్ 2025కీ ఉంది. అది సర్వరా కాదా అని విడిగా అడిగి తీరాలి.

కాబట్టి పిల్లలకు నేను చెప్పింది ఇది. 7, 8.1, 10, 11 నాలుగింటి మీదా నడపండి. ప్రతిదాని పక్కన విన్‌వెర్ చూపించే బిల్డ్ నంబరు రాసుకుని, మీ ప్రోగ్రాం జవాబుతో కలిపి చూడండి. కంపాటిబిలిటీ మోడ్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి. ఎప్పుడూ చూడని నంబరు ఎదురైతే దగ్గరి పేరేదో తగిలించకుండా "తెలీదు, బిల్డ్ ఇంత" అని చెప్పేలా రాయండి. తెలియని మసలా వస్తే మన పెద్దలు "అల్లాహు ఆలం" అని ఆగేవారు, ప్రోగ్రాంకు ఆ మాత్రం అదబ్ నేర్పలేమా?

వెర్షన్ అంటే సెక్యూరిటీ ఒక్కటే కాదు, మన ఇళ్లకు జబాన్ సంగతి కూడా. తెలుగుకు గౌతమి ఫాంటు ఎక్స్‌పీతోనే వచ్చింది. ఉర్దూ నస్తాలీక్ రాతకు అలాంటి సొంత ఫాంటు విండోస్ 8లో గానీ రాలేదు. నానా రాసిన ఖత్‌ను టైపు చేసి దాచుకోవాలన్నా వెర్షన్ సరిగ్గా తెలియాలి.

ల్యాప్‌టాప్ కొనబోయే అమ్మీలు, అబ్బాలు ఈలోగా ఆ పెన్ డ్రైవ్ కోసం ఆగక్కర్లేదు. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, విన్‌వెర్ అని టైపు చేయమనండి, బిల్డ్ నంబరు మీరే చదవండి. తర్వాత అలాగే టీపీఎం డాట్ ఎంఎస్‌సీ తెరిపించండి. ఎలెవెన్ ఉండి టీపీఎం 2.0 లేకపోతే అడ్డదారిలో ఎక్కించినట్టే. అలాంటివాటికి అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ధర మాట్లాడేటప్పుడు ఆ సంగతి ఎత్తండి.

పిల్లలకు 10, 11 దొరికాయి. సెవెన్, 8.1 దొరకలేదు. మీలో ఎవరింట్లోనైనా అటక మీద పాత కంప్యూటర్ ఉండి ఇంకా ఆన్ అవుతుంటే, ఒక్క పూట ఇవ్వండి చాలు.