మోగే తీగ కంటే ఆగే తీగ మేలు

వాద్యానికి తీగ కొనేటప్పుడు మనం మొదట చూసేది నాదం ఎంతసేపు నిలుస్తుందనే. వీణ విషయంలో అది న్యాయమే. మీటిన స్వరం నిలిస్తేనే గమకం పండుతుంది. కానీ అమెరికా పల్లె సంగీతంలో ఒకటైన బ్లూగ్రాస్‌లో, నిలబడి వాయించే డబుల్ బాస్‌కు ఈ కొలత సరిపడదని మా అభిప్రాయం.

బ్లూగ్రాస్‌కు ఆ పేరు బిల్ మన్రో నడిపిన 'బ్లూ గ్రాస్ బాయ్స్' బృందం వల్ల వచ్చింది. 1940లలో రూపం దిద్దుకున్న ఈ బాణీలో మాండొలిన్, బాంజో, ఫిడేలు, గిటారు, బాస్ ఉంటాయి. డ్రమ్ములు సాధారణంగా ఉండవు. అందుకే తాళం భారం చాలావరకు బాస్ మీదే పడుతుంది. నాలుగు దెబ్బల్లో ఒకటి, మూడు బాస్‌వి. రెండు, నాలుగు మాండొలిన్‌వి. బాస్ స్వరం ఆగకుండా సాగుతుంటే మాండొలిన్ దెబ్బ స్పష్టంగా వినిపించదు.

స్లాప్ పద్ధతిలో తీగను లాగి వదులుతారు. అది వెనుకనున్న పలకకు తగిలి టప్పుమంటుంది. వెంటనే అరచేత్తో చరిస్తే మరో దెబ్బ పలుకుతుంది. 1954లో మెంఫిస్‌లో ఎల్విస్ ప్రెస్లీ 'సన్' సంస్థకు పాడిన తొలి రికార్డులో డ్రమ్ములు లేవు. ఆ లోటును బిల్ బ్లాక్ స్లాప్ బాసే తీర్చింది.

పూర్వం బాస్ తీగలను గొర్రె వంటి పశువుల పేగుతో చేసేవారు. గత శతాబ్దం నడుమ నుంచి ఉక్కు తీగలు విరివిగా వచ్చాయి. ఉక్కు తీగ శ్రుతి త్వరగా తప్పదు, కమానుకు బాగా పలుకుతుంది, చాలాసేపు మోగుతుంది. ఆర్కెస్ట్రాలో వాయించేవారికి అదే తగినది. అయితే దాని బిగువు ఎక్కువ. గంటల తరబడి స్లాప్ చేస్తే వేళ్లు బొబ్బలెక్కుతాయి. పేగు తీగ లావుగా, మెత్తగా ఉంటుంది. దాని స్వరం గుప్పున పుట్టి త్వరగా అణుగుతుంది. ఈ సంగీతానికి కావలసింది అదే.

పేగు తీగ ఖరీదెక్కువ, గాలిలో తేమ మారితే శ్రుతి మారుతుంది, పైగా అది జంతువు నుంచి వచ్చేది అని కొందరు అంటారు. ఈ అభ్యంతరాలు నిజమే. మన మృదంగానికీ తోలు కావాలి కాబట్టి చివరి ప్రశ్న మనకు కొత్త కాదు. వీటికి జవాబుగా నైలాన్ వంటి కృత్రిమ తీగలున్నాయి. అవి మెత్తగా ఉంటాయి, వాతావరణానికి అంతగా లొంగవు. ఎక్కువగా లాగే జి, డి తీగలను ఈ రకంవి వేసుకుని, మంద్రంగా పలికే ఎ, ఇ తీగలను లోహం చుట్టినవి ఉంచుకోవడం కూడా మంచి మార్గమే.

కొత్త తీగలు లావుగా ఉంటే పైనున్న గాడుల్లో పడతాయో లేదో చూసుకోవాలి. పాతవాటిని ఒక్కొక్కటిగానే మార్చాలి. అన్నీ ఒకేసారి విప్పితే తీగల ఒత్తిడి మీద నిలిచిన బ్రిడ్జి పడిపోతుంది.

కొత్తగా నేర్చుకునేవారు వేళ్లు నొప్పిపుట్టగానే తమకు సంగీతం రాదనుకుని వాద్యాన్ని మూలన పెట్టేస్తారు. చాలాసార్లు తప్పు తీగ ఎంపికలోనే ఉంటుంది. బృందంలో మన పని ఏమిటో ముందు తెలుసుకుని, ఆ పనికి తగిన తీగను ఎంచుకుందాం. పక్కవారి స్వరానికి చోటివ్వడం కూడా సంగీతమే.