‘చాలు’ అనడం నేర్చుకుందాం



నేను మిషన్ ఆసుపత్రి వార్డుల్లో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసి రిటైరైన దానిని. అంబర్‌పేటలో ఉంటాను. ఇప్పటికీ వారానికి రెండు రోజులు ఓ.పి.లో కూర్చుని వచ్చినవాళ్లకు బి.పి. చూస్తుంటాను. ఆ బల్ల దగ్గర విన్న ఒక మాటే ఈ వ్యాసం రాయించింది.

నలభై దాటిన ఆటో డ్రైవరు ఒకాయన తలనొప్పి అంటూ వచ్చాడు. చూస్తే బి.పి. 190/110. పాత చీటీ తిరగేస్తే మాత్రలు ఎప్పుడో రాసి ఉన్నాయి. “రెండు నెలలుగా వేసుకోవడం లేదా? ఎందుకాపావయ్యా?” అని గట్టిగానే అడిగాను. ఆయన కోపగించుకోలేదు. నెమ్మదిగా అన్నాడు: “సిస్టరమ్మా, కిస్తీ ఆపితే బండి గుంజుకపోతరు. గోలీలు ఆపితే ఎవరడుగుతరు?”

బండి అంటే ఆటో కాదు. కాలేజీకి వెళ్లే కొడుక్కి కొన్న కొత్త మోటార్ సైకిల్. దానితోపాటు పెద్ద టి.వి., ఇద్దరు పిల్లలకు ఫోన్లు. అన్నీ కిస్తీల మీదే. నెల మొదట్లో వాటికి కట్టగా మిగిలిన డబ్బులో బియ్యం వస్తాయి, మందులు రావు. 

గోలీలు ఆపితే అడిగేది పక్షవాతం. అది నోటీసు ఇవ్వకుండా వస్తుంది. ఆ మాటే ఆయనతో చెప్పాను. కానీ ఇంటికి వెళ్తూ తార్నాక చౌరస్తాలో బస్సు కోసం నిలబడినప్పుడు, నేను ఆయనకు సగమే జవాబు చెప్పానని అనిపించింది. చుట్టూ చూడండి. 2017లో మెట్రో వచ్చాక ఆ చౌరస్తా ఇంకా మెరిసిపోతోంది. ఎటు చూసినా నగల బోర్డులు, ఫ్లాట్ల బోర్డులు, ‘ఇప్పుడు తీసుకోండి, తర్వాత కట్టండి’ అనే పిలుపులు. వీటి మధ్య రోజుకు నాలుగు ట్రిప్పులు తిరిగే మనిషికి ‘నాకు ఉన్నది చాలు’ అని ఎవరు నేర్పారు? మనం నేర్పామా?

నా ఇంటి సంగతి ముందు

ఇతరులకు చెప్పే ముందు నా సంగతి చెప్పాలి. 2008లో మా పెద్దమ్మాయి పెళ్లి చేశాం. పెళ్లికొడుకు వాళ్లు ఏమీ అడగలేదు. అయినా ఫంక్షన్ హాలు, ఆరు వందల మందికి భోజనాలు, వీడియో, సోఫా, ఫ్రిజ్, డబుల్ కాట్, బీరువా అన్నీ పెట్టాం. నాలుగు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. అంటే నెలకు ఎనిమిది వేలు వడ్డీయే. అసలు అలాగే ఉంటుంది. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం తప్ప ఆ ఖర్చుకు మరో కారణం లేదు.

తరువాతి ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, దేవుడు ఈ కార్యం అద్భుతంగా జరిగించాడని సాక్ష్యం చెప్పాను. అప్పు మాట ఎత్తలేదు. ఆ రాత్రి నుంచి ఆరేళ్లపాటు తెల్లవారుజామున రెండింటికి మెలకువ వచ్చేది. వార్డులో ఇతరుల బి.పి. చూసే నాకే బి.పి. వచ్చింది. ‘అప్పు చేసి పప్పు కూడు’ అన్న సామెత చిన్నప్పటి నుంచి విన్నదే. అనుభవంలోకి వచ్చేసరికి నాకు యాభై దాటాయి.

ఒకరోజు స్త్రీల మైత్రిలో ప్రార్థన అంశాలు అడిగినప్పుడు ఆపుకోలేక చెప్పేశాను. సిగ్గుతో తల వంచుకున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నాకంటే పెద్దావిడ ఒకామె “మాకూ ఉందమ్మా” అన్నారు. ఆ తర్వాత మరొకరు, ఇంకొకరు. పదిహేను మందిమి కూర్చుంటే తొమ్మిది ఇళ్లలో దాచిపెట్టిన అప్పు ఉంది. అందులో ఎక్కువ భాగం పెళ్లిళ్లకూ, గృహప్రవేశాలకూ చేసిందే. ఏళ్ల తరబడి ఒకే బెంచీ మీద పక్కపక్కనే కూర్చుని ఒకరికొకరం చెప్పుకోలేదు!

మన సాక్ష్యాలు ఏం నేర్పుతున్నాయి?

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెద్దలు తప్పుగా అనుకోవద్దని మనవి. మన సంఘాల్లో ఆశీర్వాదం అంటే ఏమిటో మనమే మార్చేశాం. ఇల్లు కొన్నాం, కారు కొన్నాం, అబ్బాయికి అమెరికా వీసా వచ్చింది అని సాక్ష్యాలు చెబుతాం. వాటికి కృతజ్ఞత చెప్పడం మంచిదే. కానీ ‘ఈ నెలతో మా అప్పు తీరింది’ అనో, ‘పక్కింటివాళ్లు కొన్నారని మేమూ కొనకుండా ఆగగలిగాం’ అనో సాక్ష్యం ఎప్పుడైనా విన్నామా? వీసా రాని కుర్రవాడు వెనక బెంచీలో కూర్చుని తన విశ్వాసమే తక్కువైందనుకుంటాడు. ఆ దిగులు మోసుకొని మా ఓ.పి.కి వస్తాడు.

లూకా సువార్త 12వ అధ్యాయంలో యేసుప్రభువు చెప్పిన ధనవంతుని ఉపమానం మనకు తెలిసిందే. అతడు దొంగతనం చేశాడని ప్రభువు చెప్పలేదు. పంట బాగా పండితే పాత కొట్లు విప్పి పెద్దవి కట్టాలనుకున్నాడు, అంతే. ఆ ఆలోచనంతటిలో దేవుడు లేడు, పొరుగువాడు లేడు, ‘చాలు’ అన్న మాట లేదు. అతనిని అవివేకి అన్నది అందుకే.

స్టిక్కర్ మీది వచనం

ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం 13వ వచనం మనందరికీ కంఠతా వచ్చు. కార్ల అద్దాల మీద, పరీక్షలకు వెళ్లే పిల్లల పుస్తకాల మీద కనిపిస్తుంది. ఉస్మానియా క్యాంపస్‌లో పోటీ పరీక్షలకు చదివే మన పిల్లలు గోడకు అంటించుకుంటారు. క్రీస్తు బలపరుస్తాడు గనుక నేను ఏదైనా సాధించగలనని మనం అర్థం చెప్పుకుంటాం.

దాని పైనున్న రెండు వచనాలు కూడా కలిపి చదవండి. పౌలు అక్కడ గెలుపు గురించి చెప్పడం లేదు. బంధకాల్లో ఉండి రాస్తున్నాడు. కడుపు నిండిన రోజులూ చూశాడు, ఆకలి రోజులూ చూశాడు. రెండింటిలోనూ నెమ్మదిగా ఉండడం తాను నేర్చుకున్నానని చెబుతున్నాడు. ఆ నేర్చుకున్నదానికి బలం ఎక్కడ నుంచి వచ్చిందో 13వ వచనంలో చెప్పాడు. అంటే అది కారు కొనే బలం గురించిన వచనం కాదు. కారు ఉన్నా లేకపోయినా నిలబడగల బలం గురించిన వచనం.

ఇందులో రెండు సంగతులు నాకు ఆదరణగా ఉన్నాయి. మొదటిది, పౌలు ‘నేర్చుకున్నాను’ అన్నాడు. సంతుష్టి పుట్టుకతో వచ్చే గుణం కాదు, కొందరికే దక్కే వరమూ కాదు. దెబ్బలు తగిలించుకుంటూ నేర్చుకునే పాఠం. రెండవది, ఆ రోజుల్లో స్తోయికులనే గ్రీకు జ్ఞానులు సంతుష్టి అంటే ఎవరి సహాయమూ అక్కరలేకుండా బతకడమని బోధించేవారు. పౌలు వాళ్ల మాటనే తీసుకున్నాడు గాని, వెంటనే ఫిలిప్పీ సంఘం పంపిన సహాయానికి కృతజ్ఞత చెప్పాడు. ఆ సహాయం తెచ్చిన ఎపఫ్రొదితు చావుకు దగ్గరయ్యేంత జబ్బు పడ్డాడని అదే పత్రికలో ఉంది. కాబట్టి క్రైస్తవ సంతుష్టి ఒంటరిగా పళ్లు బిగించుకుని ఉండడం కాదు. ఒకరి శ్రమలో ఒకరు పాలుపంచుకునే చోటనే అది పెరుగుతుంది. మా స్త్రీల మైత్రిలో జరిగింది అదే.

దోర్నకల్ బిషప్ గారు చెప్పిన నాలుగు దయ్యాలు

ఈ బోధ మన తెలుగు నేలకు కొత్త కాదు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య గారు దోర్నకల్‌లో సేవ చేశారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైనా తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద పల్లెపల్లెకూ తిరిగారు. ఆయన సంఘంలో ఎక్కువమంది సెంటు భూమి లేని కూలీలు. వాళ్ల మధ్య ఆయన నాలుగు దయ్యాల మీద పోరాడారు. అవి మురికి, రోగం, అప్పు, తాగుడు.

గమనించండి. రోగం పక్కనే అప్పును నిలబెట్టారు. ఈ రెండూ ఒకే ఇంట్లో కాపురం చేస్తాయని ఆయనకు తెలుసు. మరో విశేషం, ఆ పేద సంఘాలకే ఆయన ఇవ్వడం నేర్పారు. క్రైస్తవుడు ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశారు. 1945లో ఆయన ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. మా అమ్మ అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి విడిగా కుండలో వేసేది. ఆదివారం అది గుడికి వెళ్లేది. మా ఇంట్లో మిగులు బియ్యం ఎన్నడూ లేవు. అయినా రోజుకు ఒకసారి ‘మాకు ఇంతే చాలు, ఇది మరొకరిది’ అని ఆ చెయ్యి చెప్పేది. నాకు తెలిసిన సంతుష్టి పాఠాల్లో అది మొదటిది.

పేదవాడికి నీతులు చెప్పడం సంతుష్టి కాదు

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అప్పులన్నీ ఆడంబరం కోసం చేసినవి కావు. 2010లో మన రాష్ట్రంలో సూక్ష్మరుణాల సంక్షోభం వచ్చింది. వారం వారం కిస్తీలు కట్టలేక, వసూలువాళ్ల ఒత్తిడి భరించలేక ఎన్నో కుటుంబాలు నలిగిపోయాయి. ఆత్మహత్యల వార్తలు వచ్చాక ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 2020లో లాక్‌డౌన్ సమయంలో ఫోను యాప్‌ల ద్వారా అప్పులిచ్చి, కట్టలేనివాళ్ల బంధువులకు, స్నేహితులకు అవమానకరమైన సందేశాలు పంపినవాళ్ల మీద హైదరాబాద్ పోలీసులు కేసులు పెట్టారు. కూలి ఆగిపోయి బియ్యానికీ, ఆసుపత్రికీ అప్పు చేసినవాళ్లకు ‘ఉన్నదానితో తృప్తిపడు’ అని ప్రసంగం చెప్పడం పాపం. సామెతల గ్రంథం 30వ అధ్యాయంలో ఆగూరు ఐశ్వర్యం మాత్రమే కాదు, పేదరికం కూడా వద్దని ప్రార్థించాడు. లేనివాడికి కావలసింది పక్కన నిలబడే సంఘం. ‘చాలు’ అనవలసింది ముందుగా ఉన్నవాళ్లం. మనం హంగులు తగ్గిస్తే మనల్ని చూసి వాళ్లు అప్పు చేయవలసిన పని తప్పుతుంది.

కొన్ని చిన్న పనులు

1. నెల ఖర్చు రాసేటప్పుడు మొదటి వరుసలో మందులు రాయండి, కిస్తీలు తర్వాత. బి.పి., షుగరు మాత్రలు డాక్టరును అడగకుండా ఆపవద్దు. కొనలేకపోతే సిగ్గుపడకుండా చెప్పండి. బస్తీ దవాఖానాల్లో ఉచితంగా ఇస్తారు. జన ఔషధి దుకాణాల్లో తక్కువ ధరకు దొరుకుతాయి.

2. వాయిదాల మీద కొనే ముందు మొత్తం కూడి చూడండి. నెలకు 1,500 చొప్పున 24 నెలలంటే 36,000. రొక్కం ధర ఎంతో అడగండి. తర్వాత నెల రోజులు ఆగండి. చాలా కోరికలు ఆ నెలలోనే చల్లారిపోతాయి.

3. మన్నాను ఏ రోజుకు కావలసింది ఆ రోజు కూర్చుకోమన్నాడు దేవుడు. కంచానికీ అదే నియమం. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు ఒక్కొక్కరికి ఉప్పు 5 గ్రాములు మించవద్దని చెబుతోంది. ఆకుకూర, పప్పు, జొన్నరొట్టె ఖరీదైన పొడుల డబ్బాల కంటే మేలు. క్యాంపస్ రోడ్ల మీద ఉదయపు నడక కూడా అలాంటిదే.

4. అప్పు ఉంటే ఇంట్లో దాచవద్దు. నమ్మకమైన ఒక పెద్దకు చెప్పండి. యాప్‌లవాళ్లు బెదిరిస్తే 1930కి ఫోను చేయండి, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. బతుకు మీద విరక్తి కలిగితే ఆ రాత్రే 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ ఉచితం. తెలుగులో మాట్లాడవచ్చు.

5. ఎంత చిన్నదైనా ఇవ్వడం మానవద్దు, పిడికెడు బియ్యమైనా సరే.

మా అప్పు ఏ అద్భుతం వల్లా తీరలేదు. నా గాజులు అమ్మి, ఓవర్ టైం చేసి తీర్చాం. కానీ మా రెండో అమ్మాయి పెళ్లి గుడి ఆవరణలోనే చేశాం. అన్నం, చికెన్ కూర, పప్పుచారు, పెరుగు. స్త్రీల మైత్రి అక్కచెల్లెళ్లే వడ్డించారు. ఎవరేమనుకున్నారో తెలియదు. ఆ రాత్రి మాత్రం హాయిగా నిద్రపోయాను.

ఆ ఆటో డ్రైవరు ఇప్పుడు నెలనెలా వస్తున్నాడు. మోటార్ సైకిల్ అమ్మేసి ఆ కిస్తీ తీర్చాడు. కొడుకు కొన్నాళ్లు మాట్లాడలేదట. టి.వి. వాయిదాలు ఇంకా ఉన్నాయి. పోయిన నెల బి.పి. 140/90. “గోలీలు అడిగే మనిషి దొరికిందిలే సిస్టరమ్మా” అని నవ్వాడు. 

పాఠకులారా, మీ పక్క బెంచీలో కూర్చున్నవాళ్లను ఈ ఆదివారం అలా అడిగి చూడండి. అనుదినాహారం అడగమని నేర్పిన ప్రభువు, అది దొరికిన రోజున ‘చాలు’ అనే మనసు కూడా మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.