బండి యాడికొచ్చింది?

రేణిగుంట జంక్షన్లో అర్ధరాత్రి వినిపించే మాట: "మన బండి యాడికొచ్చిందిరా?" గూడూరు, అరక్కోణం, గుంతకల్లు, తిరుపతి దారులు కలిసే చోట అవ్వ మనవణ్ణి అడగక ఏం చేస్తుంది! ఆ ప్రశ్న మనకు కాలక్షేపం. ఇంజనుకు మాత్రం ప్రాణాలతో పని.

ఇంజనుకు తానెక్కడున్నదీ ఎలా తెలుస్తుంది? చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో ఒక పరికరం లెక్కపెడుతుంది. చుట్టుకొలతతో హెచ్చవేస్తే దూరం వస్తుంది. కాని చక్రం వానలో జారుతుంది, నాళ్లు గడిచేకొద్దీ అరుగుతుంది; లెక్క తప్పుతుంది. అందుకే మన దేశపు 'కవచ్' పద్ధతిలో పట్టాల నడుమ స్లీపర్లకు రేడియో బిళ్లలు బిగిస్తారు. ఇంజను అడుగునున్న పరికరం వాటిని చదువుకుని లెక్క సరిదిద్దుకుంటుంది. ఇవి ఇంజను చదివే మైలురాళ్లన్నమాట!

2022 మార్చి 4న సికిందరాబాదు డివిజనులో, గుల్లగూడ–చిట్‌గిద్ద మధ్య ఒకే పట్టామీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపారు. ఒకదానిలో రైల్వేమంత్రి అశ్వినీ వైష్ణవ్ ఉన్నారు. 380 మీటర్ల ఎడంలో అవి వాటంతటవే ఆగాయి.

మరుసటి ఏడు అక్టోబరు 29న, కవచ్ లేని విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఒక ప్యాసింజరు మరొకదాన్ని వెనుకనుంచి ఢీకొంది. 14 మంది పోయారు.

అవ్వ ప్రశ్న చిన్నదేమీ కాదు సుమండీ!