పరిశోధన దారి గద్వాలకూ వేయండి

వైద్య విద్య సంచాలకులకు,

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు 2022లో, గద్వాలకు 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. సీట్లిచ్చారు, సరే. మరి పరిశోధన ఎవరు నేర్పాలండీ?

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1979 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థులకు పరిశోధన కోసం స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ ఇస్తోంది. పని రెండు నెలలు, మొత్తం 50,000 రూపాయలు. గైడ్‌గా అధ్యాపకుడొకరు ఒప్పుకోవాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. గైడ్‌కు బదిలీ అయినా, కమిటీ సమయానికి కూర్చోకపోయినా ఆ ఏడాది పోయినట్టే. హైదరాబాద్ పాత కాలేజీల్లో ఈ సంగతులు సీనియర్లు చెబుతారు. ఇక్కడ మొన్నమొన్నటిదాకా సీనియర్లే లేరు.

అంశాలకా కరువు? గద్వాల మగ్గం ముందు వంగిన నేతన్న నడుము ఉంది. సీడ్ పత్తి చేలల్లో మందు పీల్చే కూలీలున్నారు. నల్లమల చెంచు తల్లుల రక్తహీనత ఉంది. వీటిని ఈ పిల్లలు కాకపోతే ఎవరు చూస్తారు?

మూడు కాలేజీలకూ కలిపి ఒక ఎథిక్స్ కమిటీ వేయండి. దాని సమావేశాల తేదీలు ముందే ప్రకటించండి. గైడ్‌గా ఉండే అధ్యాపకుల పేర్లు నోటీసు బోర్డుకెక్కించండి. ఐసీఎంఆర్‌లో ఎంపిక కానివారిలో కాలేజీకి ఐదుగురికైనా అంతే మొత్తం రాష్ట్రమే ఇవ్వాలి. వచ్చే నోటిఫికేషన్‌లోపు ఉత్తర్వు కావాలి.

ఇట్లు,
వనపర్తి నుంచి ఒక విద్యార్థి తండ్రి