ఉపవాసం రోజు కొవ్వు గిడ్డంగిలో ఏం జరుగుతుంది?

శివరాత్రి వచ్చిందంటే విజయనగరం జిల్లా రామతీర్థం దారంతా జనమే. రాముడి క్షేత్రంలో శివరాత్రి జాతర కావడం అక్కడి ప్రత్యేకత. పగలంతా ఉపవాసం, రాత్రి జాగారం. మర్నాడు ఇంటికొచ్చి బరువు చూసుకుని 'కిలో తగ్గాను' అని మురిసిపోయేవాళ్లు మనలో చాలామందే.

ఆ కిలోలో ఎక్కువ భాగం నీరు. కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ ఖర్చవుతుంటే దాన్ని అంటిపెట్టుకున్న నీరూ పోతుంది. అసలు కొవ్వు కరిగేది ఒక్కరోజులో మహా అయితే 200 గ్రాములు.

అదైనా ఎలా కరుగుతుంది? భోంచేయగానే పెరిగే ఇన్సులిన్ కొవ్వు కణాలకు తాళం వేస్తుంది. తిండి ఆగిన కొన్ని గంటలకు ఇన్సులిన్ తగ్గి, ఆ తాళం వదులవుతుంది. అప్పుడు మూడు ఎంజైములు వరుసగా పని అందుకుంటాయి. మొదటిది ఏటీజీఎల్. 2004లో ఆస్ట్రియాలోని గ్రాజ్ పరిశోధకులు దీన్ని వెలుగులోకి తెచ్చేదాకా, పనంతా రెండోదైన హార్మోన్ సెన్సిటివ్ లైపేజ్‌దే అనుకునేవారు. మూడో ఎంజైమ్ మిగిలిన ముక్కను విడగొడుతుంది. అలా రక్తంలోకి వచ్చిన కొవ్వు ఆమ్లాలను కండరాలు వాడుకుంటాయి, కాలేయం కీటోన్లుగా మారుస్తుంది. కొవ్వును కణాల్లోకి చేర్చే లైపోప్రోటీన్ లైపేజ్ మాత్రం ఆ సమయంలో కొవ్వు కణజాలంలో మందగిస్తుంది.

మరి మన ఉపవాసం? ఉదయం పంచదార వేసిన కాఫీ, పదింటికి అరటిపళ్లు, మధ్యాహ్నం సగ్గుబియ్యం పాయసం, సాయంత్రం చిలగడదుంపలు. వ్రతానికి వచ్చిన లోటేమీ లేదు. కానీ గంటగంటకూ పిండిపదార్థం పడుతుంటే ఇన్సులిన్ దిగదు, తాళం తెరుచుకోదు. బరువు కోసమే ఉపవాసం అనుకునేవారు ఈ లెక్క చూసుకోవాలి.

అంతకన్నా ముఖ్యం, ఇంట్లో మధుమేహులు ఉంటే వారి సంగతి. టైప్-1 ఉన్నవారు 'ఈరోజు తినట్లేదు కదా' అని ఇన్సులిన్ పూర్తిగా మానేస్తే ఆ తాళం ఇక ఉండదు. కొవ్వు అదుపు లేకుండా విడిపోయి, కీటోన్లు పేరుకుని, రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదికి వస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వేసుకునేవారికైతే చక్కెర మామూలుగా కనిపిస్తూనే ఈ ముప్పు రావచ్చు. గ్లిమిపిరైడ్ వాడేవారి చిక్కు వేరు. ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుంటే చక్కెర పడిపోయి, జాతర రద్దీలో కళ్లు తిరిగి పడిపోవచ్చు.

కాబట్టి వారం ముందే డాక్టరును కలిసి ఏ మందు ఆపాలో, ఏది ఎంత తగ్గించాలో అడగండి. నీళ్లు మానొద్దు. ఉపవాసంలో వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలైతే గ్లూకోమీటర్ ఎంత చూపించినా ఆగకండి. వ్రతం అక్కడికి వదిలేసి, వేసుకుంటున్న మాత్రల చీటీతో సహా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి.