అభిమానానికి అర్థం

కళాకారిణి ధైర్యాన్ని తెరపై చూసి మెచ్చుకొనడం సులభం. అట్టి ధైర్యానికి మన మధ్య చోటివ్వడమే కష్టం.

అమెరికా గాయని కేథలీన్ హన్నా జీవితం ఇతివృత్తంగా 2013లో ‘ద పంక్ సింగర్’ అనే డాక్యుమెంటరీ చిత్రం వెలువడింది. పంక్ అనగా 1970లలో ప్రచారంలోకి వచ్చిన ధిక్కార సంగీతం. ఆ కచేరీలలో పురుషుల తోపులాటకు జంకి స్త్రీలు వెనుకనే నిలిచేవారు. 1990లలో హన్నా వేదికపై నుండి ఆడపిల్లలను ముందుకు పిలిచి నిలబెట్టింది. 2005లో ఆమె పాడడం మానడానికి అనారోగ్యమే కారణమని ఈ చిత్రం తెలిపింది. తమకు ధైర్యమిచ్చిన గొంతు తన బాధను దాచుకొన్నదని తెలిసినప్పుడు అభిమానుల హృదయాలు ద్రవించడం సహజం. కాని అభిమానం కన్నీటితో ముగిసిపోరాదు.

మన సంగీత చరిత్రలోనూ ఇట్టి ధీర ఉన్నది. బెంగుళూరు నాగరత్నమ్మ తిరువయ్యారులో తన సొమ్ముతో త్యాగరాజస్వామి సమాధి మందిరాన్ని నిర్మింపజేసింది. అయినను అక్కడి ఆరాధనలో స్త్రీలు పాడరాదన్నారు. ఆమె తలవంచక, స్త్రీలను కూడగట్టి వేరుగా ఆరాధన జరిపించింది. నేడు అక్కడ స్త్రీపురుషులు కలిసి పంచరత్న కృతులు గానం చేస్తున్నారు.

ఇట్టి స్త్రీలను అందరూ కొనియాడుతారు. అయితే నరసరావుపేటలోనో, మాచర్లలోనో తమ ఇంటి ఆడపిల్ల వేదికపై పాడతానంటే “నలుగురూ ఏమనుకొంటారో” అని వెనుకకు లాగేవారు వారిలోనూ ఉన్నారు. ఆ పిల్లను ముందుకు పంపి, తాము ఎదుట కూర్చుండి విన్ననాడే వారి అభిమానం సార్థకమవుతుంది.